నలభై దాటాక కొత్త పని, కొత్త దేశం



విదేశాలకు వెళ్లేవాళ్లు అనగానే మనకు గుర్తొచ్చేది అమెరికాలో పైచదువులకు వెళ్లే పిల్లలు. వాళ్ల గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ పూట నేను మరో ప్రయాణికుడి గురించి చెబుతాను. పలాస రైల్వే స్టేషన్లో రాత్రి బండి కోసం ఎదురుచూస్తూ కనిపిస్తాడు. వయసు నలభై దాటింది. జుట్టు అక్కడక్కడ నెరిసింది. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో పాస్‌పోర్టు, వీసా కాగితం, మెడికల్ రిపోర్టు. పక్కన భార్య, ఇంటర్ చదివే కూతురు. అతను ముందు చెన్నైకో ముంబయికో వెళ్లి, అక్కడ విమానం ఎక్కి సౌదీకో ఖతార్‌కో సింగపూర్‌కో చేరతాడు.

నిన్నటిదాకా అతను కవిటి మండలంలో కొబ్బరి రైతు. లేదంటే మందస వైపు జీడితోట కౌలుకు చేసినవాడు. వజ్రపుకొత్తూరు తీరంలో వేటకు వెళ్లే మత్స్యకారుడైనా కావచ్చు, కాశీబుగ్గలో జీడిపిక్కల ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసినవాడైనా కావచ్చు. రేపటినుంచి అతను రిగ్గరు, ఫిట్టరు, స్కాఫోల్డరు, వెల్డరు. ఇవేవీ కాకపోతే హెల్పరు. ఈ చివరి మాట దగ్గరే నా ప్రసంగం ఎక్కువసేపు ఆగుతుంది. నలభై దాటిన మనిషి హెల్పర్‌గా విమానం ఎక్కకూడదని నా గట్టి నమ్మకం. ఎందుకో చెబుతాను.

ముందు అసలు ఆ వయసులో ఎందుకు వెళ్లాల్సి వస్తోందో చూద్దాం. మన శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఉద్దానంలో ఈ ప్రశ్నకు జవాబు చాలావరకు చెట్ల వయసులో ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. తెల్లారేసరికి ఉద్దానంలో లక్షల కొబ్బరి చెట్లు, జీడిమామిడి చెట్లు నేలమట్టమయ్యాయి. అంతకుముందు 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్. రైతు తేరుకునేలోగా మూడో దెబ్బ.

వరి చేను మునిగిపోతే బాధే. అయినా ఆ రైతు వచ్చే ఏడాది మళ్లీ నాట్లు వేయగలడు. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఐదారేళ్లు పడుతుంది, దేశవాళీ రకమైతే ఇంకా ఎక్కువ. జీడి అంటు మొక్కయినా మూడు నాలుగేళ్లు ఆగాలి, ఆ తర్వాత గానీ చెప్పుకోదగ్గ పిక్కలు రావు. తిత్లీ నాటికి నలభై రెండేళ్లున్న రైతును తీసుకోండి. తాత నాటిన చెట్లు పోయాయి. అతను నాటిన మొక్క కాయ కాసేసరికి అతనికి నలభై ఎనిమిది. ఆ ఆరేళ్లలో కూతురి కాలేజీ ఫీజు ఆగదు, వడ్డీ ఆగదు, తండ్రి మందులు ఆగవు. చెట్టు ఎదిగేదాకా ఇల్లు గడవడానికి అతను సముద్రం దాటాడు. అతను పని మార్చుకున్నాడనడం కంటే, చెట్టు తన పని చేసేదాకా దాని బదులు తాను పనిచేయడానికి వెళ్లాడనడం నిజానికి దగ్గరగా ఉంటుంది. అందుకే చాలామంది 'ఐదేళ్లు చేసి వచ్చేస్తాను' అని చెప్పి వెళ్తారు.

మత్స్యకారుల కథ కొంచెం వేరు. మన జిల్లాకు పొడవైన తీరం ఉంది, సరైన హార్బరు లేకుండానే తరాలు గడిచాయి. అందువల్ల వేట తెలిసినవాళ్లు గుజరాత్‌లో వీరావల్ దాకా పోయి అక్కడి మర పడవల మీద కూలికి పనిచేశారు. ఇంట్లో పడవ ఉన్నవాడు పరాయి పడవ మీద కూలీ అయ్యాడు. 2018 చివర్లో అలా వెళ్లిన మనవాళ్లను పాకిస్తాన్ అధికారులు పట్టుకుంటే, కరాచీ జైలు నుంచి వాఘా సరిహద్దు దాటి వాళ్లు ఇళ్లకు చేరేసరికి 2020 జనవరి వచ్చింది. ఆ తర్వాత చాలా ఇళ్లలో వేట మానేసి వేరే పని మీద విదేశం వెళ్లడం మేలన్న మాట గట్టిగా వినిపించింది.

ఈ దారి మనకు కొత్తది కాదు. మన ముత్తాతల కాలంలో విదేశమంటే రంగూన్. బారువ, కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో ఆవిరి ఓడలు ఆగేవి. పొలం పనులు చేసే మనిషి ఓడ దిగేసరికి రేవు కూలీ అయ్యేవాడు, బియ్యం మిల్లు కూలీ అయ్యేవాడు, లేదా రిక్షా లాగేవాడు. 1917లో బారువ దగ్గర మంటలంటుకుని మునిగిన చిల్కా ఓడ శిథిలాలు ఇప్పటికీ ఆ నీళ్లలో ఉన్నాయి. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు, రంగూన్ నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే.

ఆ రంగూన్ రేవులో 1930 మే నెలలో జరిగిన సంగతి ఒకటి మనం మరిచిపోకూడదు. ఓడల్లో సరుకు ఎక్కించి దించే తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. యజమానులు వాళ్ల బదులు బర్మా కూలీలను తెచ్చి పెట్టారు. కొన్నాళ్లకు రాజీ కుదిరి తెలుగువాళ్లు పనిలోకి వచ్చారు. అప్పుడు బర్మావాళ్లను పొమ్మన్నారు. ఇద్దరూ పేదవాళ్లే. ఆ కోపం రేవులో మొదలై ఊరంతా పాకింది, ఎంతోమంది మనవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. యజమాని లెక్కలో ఇద్దరూ రెండు చేతులు మాత్రమే. ఒకణ్ని తీసి ఇంకొకణ్ని పెట్టడానికి అతనికి ఒక్క పూట చాలింది. పన్నెండేళ్లు తిరిగేసరికి 1942లో జపాన్ దాడికి లక్షలమంది భారతీయులు అడవుల వెంట నడిచి వెనక్కి వచ్చారు. మిగిలినవాళ్లలో ఎంతోమందిని 1960ల్లో అక్కడి సైనిక ప్రభుత్వం దుకాణాలు, మిల్లులు జాతీయం చేశాక ఓడలెక్కించింది. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అలా వెలిసింది. అక్కడికి చేరినవాళ్లు నలభైల్లో, యాభైల్లో మూడోసారి కొత్త పని వెతుక్కున్నారు.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. హెల్పర్ అంటే ఎవరు? ఏ పని చెబితే ఆ పని చేసేవాడు. ఇరవై రెండేళ్ల కుర్రాడికి అది మొదటి మెట్టు. రెండేళ్లు చూసి నేర్చుకుంటాడు, పైమెట్టు ఎక్కుతాడు. నలభై మూడేళ్ల మనిషికి ఆ రెండేళ్లు చాలా ఖరీదైనవి. పైగా గల్ఫ్‌లో వీసా మీద ఏ పని రాసి ఉందో ఆ పని నుంచి మారాలంటే కంపెనీ ఒప్పుకోవాలి. పనిమంతుడైన హెల్పర్‌ను వదులుకోవడానికి ఏ కంపెనీ తొందరపడుతుంది? చేతికి పని వచ్చినా కాగితం మీద హెల్పర్‌గానే ఏళ్లు గడిపేసిన మనవాళ్లు చాలామంది ఉన్నారు.

నాకు మరీ బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. వాళ్లలో చాలామంది నిజానికి పని రానివాళ్లు కారు. రిగ్గర్ పని చూడండి. క్రేన్ ఎత్తే బరువుకు తాళ్లు కట్టేది, కొక్కేనికి తగిలించేది, క్రేన్ నడిపేవాడికి చేతి సైగలతో ఎటు తిప్పాలో, ఎంత దించాలో చెప్పేది రిగ్గరే. బరువు ఎంతో అంచనా వేయాలి. దాని మధ్యభాగం ఎక్కడుందో చూడాలి. గాలి ఎటు కొడుతోందో గమనించాలి. రెండు తాళ్లతో టన్ను బరువు ఎత్తుతున్నామనుకుందాం. తాళ్లు నిటారుగా ఉంటే ఒక్కో తాడు మీద అర టన్ను పడుతుంది. అవే తాళ్లను పొట్టిగా కట్టి, అడ్డంగా ఉన్న బరువుకు ముప్పై డిగ్రీల కోణంలో వాలేలా చేస్తే ఒక్కో తాడు మీద పూర్తి టన్ను పడుతుంది. బరువు పెరగలేదు, కోణం మారింది. ఈ లెక్క తెలియక తాడు తెగి మనుషులు పోయారు.

ఇప్పుడు మన తీరానికి రండి. ఇరవై ఏళ్లు వేట చేసిన మనిషికి తాడు గురించి ఎవరు చెప్పాలి? ఏ ముడి బిగుస్తుందో, ఏ ముడి తడిస్తే జారుతుందో అతని వేళ్లకు తెలుసు. పదిమంది కలిసి పెద్దవల లాగేటప్పుడు ఒకడి సైగకు అందరూ ఒకేసారి లాగాలని తెలుసు. పడవను ఇసుక మీదికి ఎక్కించేటప్పుడు తాడు ఎటునుంచి లాగితే భారం తగ్గుతుందో తెలుసు. గాలి మారబోతోందని ఇంజనీరుకన్నా ముందు పసిగడతాడు. కోణం లెక్క కూడా చేతికి తెలిసినదే, కాగితం మీద ఎప్పుడూ వేయలేదంతే. అలాంటి మనిషిని 'పనిరాని హెల్పర్' అని రాసి పంపిస్తున్నాం. కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపినవాడు ఎత్తుకు భయపడడు, ఎత్తైన కట్టడాలకు మంచెలు కట్టే స్కాఫోల్డింగ్‌లో సగం పరీక్ష అతను ఎప్పుడో పాసయ్యాడు.

మిగిలిన సగం మాత్రం అతను కష్టపడి నేర్చుకోవాల్సిందే. పాతికేళ్లు నడుముకు ఏమీ కట్టుకోకుండా చెట్లెక్కిన మనిషికి సేఫ్టీ బెల్టు నామోషీగా అనిపిస్తుంది. ఆ బెల్టుకు రెండు కొక్కేలుంటాయి. ఒకటి తీసేముందు రెండోది తగిలించాలి, ప్రతి అడుగులోనూ. పాత అలవాటు చేతిని తొందరపెడుతుంది. ఇరవై ఏళ్లవాడికన్నా నలభై ఏళ్లవాడికి ఇక్కడే ప్రమాదం ఎక్కువ.

వెల్డింగ్ సంగతి కూడా చెప్పాలి. ఇచ్ఛాపురం నుంచి కాశీబుగ్గ దాకా వెల్డింగ్ నేర్పే చోట్లు చాలానే ఉన్నాయి. విదేశమంటే వెల్డింగే అన్నంతగా పేరొచ్చింది. కుర్రాళ్లకు మంచిదే. నలభై దాటినవాడు మాత్రం ముందు కళ్లు చూపించుకోవాలి. ఆ వయసులో చత్వారం వస్తుంది. దగ్గరగా ఉన్నది మసకగా కనిపిస్తుంది. వెల్డరు జానెడు దూరంలో కరిగే లోహపు చుక్కను రెప్పవేయకుండా చూడాలి. సిక్స్ జీ పరీక్షలో పైపును నలభై ఐదు డిగ్రీల వాలులో బిగిస్తారు, దాన్ని కదపకూడదు, మనిషే చుట్టూ తిరుగుతూ అతకాలి. ఆ అతుకును ఎక్స్‌రే తీసి చూస్తారు, లేదా ముక్కలు కోసి వంచి చూస్తారు. కళ్లద్దాలు సరిగ్గా కుదిరితే ఆ వయసులోనూ నేర్చుకున్నవాళ్లున్నారు. అయినా తోటి కుర్రాడు మూడు నెలల్లో నేర్చుకున్నాడని చెప్పి అప్పు చేసి చేరిపోవద్దు. నన్ను అడిగితే నలభై దాటినవాడికి రిగ్గింగ్, స్కాఫోల్డింగ్, ఫిట్టర్ పనులు మేలు. అతను అంతవరకు బతుకులో నేర్చుకున్నది వాటిలో కొంతైనా కలిసొస్తుంది.

నేర్చుకోవడంలో ఇంకో కష్టం ఉంది. అది చేతికి సంబంధించింది కాదు. మనిషి మళ్లీ శిష్యుడు కావాలి. ఊళ్లో బావమరిది ఆటపట్టిస్తాడు: "ఏటి బావా, ఈ వయసులో మళ్లీ పలక పట్టుకుంతావేటి?" ఆ మాటకు నవ్వి ఊరుకోగలిగినా, సైటులో అసలు పరీక్ష ఎదురవుతుంది. అక్కడ ఫోర్‌మన్ చాలాసార్లు మన ఊరి కుర్రాడే, వరసకు కొడుకు. వయసు ఇరవై ఏడు.

"చిన్నాన్నా, ఎత్తిన బరువు కింద నిలబడొద్దని చెప్పాను కదా."

"ఓరి, నువ్వు పుట్టకముందు నుంచీ తాళ్లు లాగుతున్నాన్రా నాను."

"లాగావు చిన్నాన్నా. ఇక్కడ తెగితే కింద ఇసక లేదు, నువ్వున్నావు. ముందు ఇవతలికి రా."

చిన్నాన్న ఇవతలికి వచ్చాడు. సాయంత్రం రూములో ఆ కుర్రాడే అన్నం వండి ముందు చిన్నాన్నకు వడ్డించాడు. ఆ వడ్డన లేకపోతే పగటి మాట మనసులో ముల్లులా మిగిలిపోతుంది. గల్ఫ్ క్యాంపుల్లో మన ఊళ్లవాళ్లు ఒకే రూములో చేరడానికి భాష, కూర ఎంత కారణమో ఇదీ అంతే కారణం. పగలు తారుమారైన వరసను రాత్రి సరిచేసుకుంటారు. సైటులో మాత్రం చిన్న వయసువాడి సైగే చెల్లాలి. అది ఒప్పుకోగలిగిన పెద్దవాళ్లు త్వరగా నేర్చుకుంటారు. ఒప్పుకోలేక ఆరు నెలలకే వెనక్కి వచ్చినవాళ్లు, వచ్చి, వెళ్లడానికి చేసిన అప్పు కింద నలిగినవాళ్లు కూడా ఉన్నారు.

అప్పు మాట వచ్చింది కాబట్టి కాగితాల సంగతి చెబుతాను. పదో తరగతి పాసవనివాళ్ల పాస్‌పోర్టు మీద ఒక ముద్ర ఉంటుంది. గల్ఫ్ దేశాలు ఆరూ, మలేషియా, ఇరాక్, లిబియా లాంటివి కలిపి మొత్తం 18 దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లాలంటే వాళ్లకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. 1983 నాటి వలస చట్టం పెట్టిన నియమం ఇది. మన ఉద్దానంలో ఇప్పుడు నలభై దాటినవాళ్లు చాలామంది బడి మధ్యలోనే మానేసినవాళ్లు కాబట్టి ఇది వాళ్లకోసమే. ఆ అనుమతి అడ్డంకి అనుకోవద్దు, అది రక్షణ. ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్లో ఏజెంటు పేరు నమోదై ఉందో లేదో చూడొచ్చు. లైసెన్సు ఉన్న ఏజెంటు కూడా మన దగ్గర తీసుకోగల గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. అంతకుమించి తీసుకోవడం చట్టవిరుద్ధం. మన ఊళ్లలో ఎంత ఇస్తున్నారో వింటున్న మీకు నేను చెప్పక్కర్లేదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఇస్తున్నారు, భార్య మెడలో బంగారం కుదువపెట్టి ఇస్తున్నారు.

ఏజెంటు విజిట్ వీసా మీద పంపిస్తానంటే, అక్కడికి వెళ్లాక మార్పిస్తానంటే, అక్కడితో మాట ఆపేయండి. విజిట్ వీసా మీద పనిచేసేవాడికి అక్కడి కార్మిక చట్టం రక్షణ ఉండదు, పట్టుబడితే నేరం అతనిదే. సరైన దారిలో వెళ్లినవాడికి ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు కడితే ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా అవిటితనం వచ్చినా 10 లక్షల రూపాయలు కుటుంబానికి వస్తాయి. దేశం సంగతి కూడా చూసుకోవాలి. 2020 సెప్టెంబరులో లిబియాలో ఇంటికి బయల్దేరిన ఏడుగురు భారతీయ కార్మికులను ఎత్తుకుపోయారు. వాళ్లలో ఆంధ్రవాళ్లు ఉన్నారు. అక్టోబరులో విడుదలయ్యేదాకా ఆ ఇళ్లలో పొయ్యి వెలగలేదు.

ఇక శరీరం సంగతి. ఉద్దానంలో ఈ మాట మిగతా ఊళ్లలోలాగా పైపైన చెప్పి వదిలేయడం కుదరదు. మన దగ్గర ఇంతమందికి కిడ్నీ జబ్బు ఎందుకొస్తుందో, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. హిరమండలం రిజర్వాయరు నుంచి తాగునీటి పథకం వచ్చింది, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలైంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అన్న మాట మన ఊళ్లలో చదువురాని అమ్మమ్మకు కూడా తెలుసు. అయినా విదేశం వెళ్లే మనిషి ఆ పరీక్ష చేయించుకోవడానికి భయపడతాడు. ఎక్కువ వస్తే వీసా పోతుందని భయం. గల్ఫ్ మెడికల్‌లో ఎలాగూ రక్తపరీక్షలు ఉంటాయి. ఏజెంటుకు డబ్బు కట్టాక అక్కడ తప్పిపోవడం కన్నా, కట్టకముందే పలాసలోనో శ్రీకాకుళంలోనో చూపించుకోవడం ఎంతో నయం.

నేపాల్ నుంచి గల్ఫ్‌కు వెళ్లిన యువకుల్లో కొందరు కిడ్నీలు పాడై తిరిగొస్తున్నారని అక్కడి డాక్టర్లు కొన్నేళ్లుగా చెబుతున్నారు. తీవ్రమైన ఎండ, చాలినన్ని నీళ్లు తాగకపోవడం, ఒళ్లు నొప్పులకు మింగే మాత్రలు. మనవాళ్లలో కొందరికి ఇంట్లోనే ఆ జబ్బు చరిత్ర ఉంది కాబట్టి రెట్టింపు జాగ్రత్త కావాలి. ఎండాకాలంలో మధ్యాహ్నం ఆరుబయట పని చేయించకూడదని అక్కడి చట్టాలే చెబుతున్నాయి. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా పన్నెండున్నర నుంచి మూడు వరకు నిషేధం. ఖతార్‌లో జూన్ 1 నుంచే, ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా. సూపర్‌వైజరు తొందరపెట్టినా ఆ గంటలు మీ హక్కు. నొప్పి మాత్రలు కొనే ముందు మన ఊరి డాక్టరుకు ఒక ఫోను చేయండి.

ఇంతసేపూ వెళ్లినవాడి గురించే చెప్పాను. అతను పని మారిన రోజే ఇంట్లో భార్య పని కూడా మారుతుంది. ఆమె అంతకుముందు కాశీబుగ్గ ఫ్యాక్టరీలో జీడిపప్పు పొట్టు తీసేది, కిలోల లెక్కన కూలి. పిక్కలు కొట్టే చోట పనిచేసినదైతే జీడినూనె చేతుల్ని నల్లగా చేస్తుంది, చర్మం ఊడుతుంది. ఇప్పుడు తోట ఆమెది. కొబ్బరికాయలు దింపించేది ఆమె, దళారీతో బేరమాడేది ఆమె. జీడిపిక్కలను 80 కిలోల బస్తా లెక్కన తూచేటప్పుడు కాటా దగ్గర నిలబడేది ఆమె. బ్యాంకులో సంతకం, సొసైటీలో అప్పు, కూతురి కాలేజీలో మీటింగు, మావగారిని డయాలసిస్‌కు తీసుకెళ్లడం, అన్నీ ఆమెవే. ఆమెకు ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. పట్టాదారు పాసుపుస్తకంలో చాలాసార్లు ఆమె పేరు లేదు, కౌలు కార్డులో లేదు. భర్త వెళ్లే ముందు ఏజెంటు దగ్గర గడిపే సమయంలో ఒక్క రోజు తీసి బ్యాంకు ఖాతాలో, పొలం కాగితాల్లో ఆమె పేరు చేర్పించాలి. ఐదేళ్ల తర్వాత అతను తిరిగొచ్చేసరికి ఉద్దానంలో తోట గురించి అతనికన్నా ఆమెకే ఎక్కువ తెలుస్తుంది. ఆ సంగతి అతను గౌరవించాలి.

తిరిగి రావడం గురించి ఎవరూ ముందుగా మాట్లాడరు. యాభై దాటాక తిరిగొచ్చిన రిగ్గరు ఏం చేస్తాడు? నాటిన కొబ్బరి కాపుకు వచ్చి ఉంటుంది, బాగానే ఉంది. కానీ శరీరం మళ్లీ చెట్టెక్కదు. కొందరు ఆటో కొంటారు, కొందరు గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపు పెడతారు. చేతిలో ఎంత డబ్బుతో వస్తాడన్నది సంతకం పెట్టిన మొదటి రోజే కొంతవరకు తేలిపోతుంది. ఎమిరేట్స్‌లో పని మానేసేటప్పుడు గ్రాట్యుటీ ఇస్తారు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల జీతం, ఆ తర్వాత ప్రతి ఏడాదికి 30 రోజుల జీతం. అయితే అది బేసిక్ మీద లెక్క. మొత్తం జీతం బాగా చూపించి, బేసిక్ తక్కువగా రాసి, మిగతాది అలవెన్సులుగా రాస్తే చివర్లో వచ్చేది చాలా తగ్గిపోతుంది. ఒప్పందంలో బేసిక్ ఎంత, అలవెన్సు ఎంత, పని పేరు ఏమిటి అన్న మూడింటినీ చదవగలిగిన మేనల్లుడో మేనకోడలో ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లచేత చదివించుకోండి. కాగితం అరబ్బీలో ఉందని ఏజెంటు తప్పించుకుంటే ఇంగ్లిషు ప్రతి ఇచ్చేదాకా సంతకం పెట్టకండి.

ఇంకో సంగతి. సంతబొమ్మాళి మండలంలో మూలపేట ఓడరేవుకు 2023 ఏప్రిల్లో శంకుస్థాపన జరిగింది. ఓడరేవు నడవాలంటే క్రేన్లు కావాలి, క్రేన్లున్నచోట రిగ్గర్లు కావాలి. జుబైల్‌లోనో దోహాలోనో పదేళ్లు బరువులెత్తి వచ్చిన మనవాడు ఇంటికి పాతిక కిలోమీటర్ల దూరంలో పని అడిగితే, అతని దగ్గర గల్ఫ్‌లో ఇచ్చిన రిగ్గరు కార్డు ఉండాలి, అనుభవ పత్రం ఉండాలి. కంపెనీ వదిలేటప్పుడు అనుభవ పత్రం అడిగి తీసుకోవడం చాలామంది మరిచిపోతున్నారు. అది లేకపోతే సొంత జిల్లాలో మళ్లీ హెల్పరే.

చివరగా ఒక కోరిక. ఇది జిల్లా అధికారులకూ, కాలేజీల పెద్దలకూ. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట నిషేధం. ఆ రోజుల్లో మన తీరం ఊళ్లలో పనిచేసే వయసు మగవాళ్లు చాలామంది ఇళ్లలో ఉంటారు. వీరావల్ వెళ్లినవాళ్లు కూడా అటువైపు నిషేధం మొదలయ్యాక జూన్, జూలైల్లో ఇంటికొస్తారు. టెక్కలిలో ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, జిల్లాలో ఐటీఐలు ఉన్నాయి. పని ఇప్పటికే వచ్చినవాడిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన మొదలైన 2015 నుంచీ అందులో ఉంది. బడికెళ్లని మనిషి చేతిలోని పనికి విలువ కట్టడానికే ఆ పద్ధతి.

ఆ 61 రోజుల్లో రిగ్గింగ్ నేర్పండి. వజ్రపుకొత్తూరులో, బారువలో, భావనపాడులో, సముద్రపు ఒడ్డునే నేర్పండి. పెద్దగా సరంజామా అక్కర్లేదు. ఒక చెయిన్ పుల్లీ, నాలుగు రకాల స్లింగులు, కొన్ని షాకిళ్లు, రెండు మూడు హార్నెస్‌లు, తూకం తెలిసిన కొన్ని ఇనప దిమ్మలు. నేర్పేవాళ్లను ఎక్కడినుంచో తేనక్కర్లేదు. గల్ఫ్‌లో పదేళ్లు, పదిహేనేళ్లు చేసి తిరిగొచ్చి ఖాళీగా కూర్చున్న రిగ్గర్లు మన ఊళ్లలోనే ఉన్నారు. వాళ్లకు జీతమిచ్చి గురువుల్ని చేయండి. ఉదయం తాళ్లు, కొక్కేలు. మధ్యాహ్నం చేతి సైగలు, కోణాల లెక్క. వారానికొక రోజు కాగితాలు: ఒప్పందం చదవడం, ఈ-మైగ్రేట్ చూడటం, క్రియాటినిన్ పరీక్ష. ఆ రోజు భార్యల్ని కూడా పిలవండి. పరీక్ష పెట్టి సర్టిఫికెట్ చేతికివ్వండి. విదేశం వెళ్లాలనుకున్నవాళ్లు రిగ్గర్లుగా వెళ్తారు. వెళ్లొద్దనుకున్నవాళ్లు మూలపేట గేటు దగ్గర ఆ కాగితం చూపిస్తారు. వచ్చే ఏప్రిల్ 15కు ఇంకా సమయం ఉంది. జిల్లా నైపుణ్యాభివృద్ధి అధికారి, మత్స్యశాఖ అధికారి ఒక్కసారి కలిసి కూర్చుంటే ఆ వేసవికే మొదటి బ్యాచ్ మొదలుపెట్టొచ్చు.